పోస్టుమాను ఏకాదశి

ఎమ్మిగనూరు పోస్టాఫీసులో వాదిరాజది తాత్కాలిక ఉద్యోగం. పొద్దున్నే సంచి భుజాన వేసుకొని మూడు పల్లెలు తిరిగి, పధ్నాలుగు మైళ్లు నడిచి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. సైకిలు కొనలేదు. ఆ నల్లరేగడి దారిలో వానాకాలం సైకిలు మనిషిని మోయదు, మనిషే సైకిలును మోయాలి.

నెలకు రెండు ఏకాదశులు. మాధ్వుల ఇంట ఆ రోజు పాలూ పండూ లేవు, నీళ్లు కూడా లేవు. తల్లి పద్మాబాయి యాభై ఏళ్లుగా అలాగే చేస్తోంది. వాదిరాజ ఉపనయనం అయినప్పటి నుంచి చేస్తున్నాడు. అతనికి అదొక కష్టమని ఎప్పుడూ తోచలేదు. మధ్యాహ్నం దాటాక దారి రెండుగా కనిపించేది. అలవాటు కొద్దీ ఎడమవైపు దారిలో పోయేవాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక భాద్రపదంలో ఏకాదశి మరునాడే శ్రవణ నక్షత్రంతో ద్వాదశి వచ్చింది. అలాంటి ద్వాదశికీ ఉపవాసమే, అంటే వరసగా రెండు రోజులు నిర్జలం. రెండో రోజు మధ్యాహ్నం వాదిరాజ ఒక సెనక్కాయల చేను గట్టు మీద కూర్చున్నాడు, ఆ తర్వాత ఒరిగిపోయాడు. కలుపు తీస్తున్న లక్ష్మమ్మ ముంతతో పరుగెత్తుకొచ్చింది.

"నోరు తెరువు సామీ, సచ్చిపోతావు!"

వాదిరాజ పళ్లు బిగించాడు. "ఉపవాసం," అన్నాడు వాటి సందులోంచి.

"మాకు మాత్రం ఒక్కపొద్దులు లేవా? ఆ పొద్దు నీడపట్టున కూసుంటాం. నీ మాదిరి ఊర్లు తిరగం," అని ఆమె ముంతెడు నీళ్లూ అతని నెత్తిన కుమ్మరించింది.

పోస్టుమాస్టరు రామకృష్ణయ్యకు ఆ వార్త వాదిరాజ కంటే ముందు చేరింది.

"సర్కారు టపా గట్టు మీద పడుకుంటే ఎట్లప్పా?"

"పడుకునింది నేను సార్. టపా నా తల కింద ఉండె."

"వారంలో ఆదోనికి పోయి, ఒళ్లు బాగుందని డాక్టరుతో రాయించుకొని రా. ఇంకొకతూరి పడినావంటే ఈ పని ఇంకొకరికి ఇస్తా."

వాదిరాజ తల్లితో చెప్పాడు. ఆమె శాస్త్రం చెప్పింది: "పసిపిల్లలకు, ఎనబై దాటినోళ్లకు, రోగులకు పాలూ పండూ ఉండాది. నువ్వు దేంట్లో చేరతావప్పా? డాక్టరు రోగమని రాసిస్తే ఇస్తా. నాకేమన్నా నీ మీద కక్షనా?"

ఆదోనిలో డాక్టరు నాలుక చూసి, నాడి పట్టి, తూకం వేశాడు. తొంభై ఎనిమిది పౌన్లు.

"రోగమేమీ లేదు. రెండు దినాలు నీళ్లు లేకుండా ఎండలో నడిస్తే ఎద్దయినా పడుతుంది."

"రెండు కాగితాలు కావాలి సార్. బాగున్నానని పోస్టుమాస్టరుకు, బాగలేనని మా అమ్మకు."

డాక్టరు కళ్లద్దాలు తీశాడు. "ఒకే మనిషికి ఒకే దినం రెండూ రాస్తే, బాగలేనిది నాకంటారు. ఒకటి చెప్పు."

వాదిరాజ ఉద్యోగం నిలబెట్టే కాగితాన్ని అడిగాడు.

రోగం లేదని విని పద్మాబాయి దేవుడి ముందు దీపం పెట్టింది. "అయితే ఏకాదశి ఎప్పటి మాదిరే," అంది.

"మళ్లీ పడితే పని పోతుందమ్మా."

"యాబై ఏండ్లుగా చేస్తాండాను, ఎన్నడన్నా పడినానా? వచ్చే ఏకాదశికి నీ వెంట వస్తా. ఎట్ల పడతావో చూస్తా."

ఆమె మాట మీద నిలబడే మనిషి. పైగా, ఉత్తరాలు పంచడమంటే తమ వీధి ఈ కొన నుంచి ఆ కొనకు పోయి రావడమని ఆమె లెక్క. తమ వీధికి వచ్చే ఇంకో పోస్టుమాను చేయగా ఆమె చూసింది అంతే.

మొదటి మైలు హరినామం పైకి చదివింది. రెండో మైలులో పెదవులు మాత్రం కదిలాయి. మూడో మైలులో, "ఊరొచ్చినట్లుందే?" అంది.

"అది కళ్లమమ్మా. ఊరు ముందరుంది."

నాలుగో మైలుకు మొదటి పల్లె వచ్చింది. వాదిరాజ మూడు ఉత్తరాలు ఇచ్చి, బావి గట్టున కూర్చున్న తల్లి దగ్గరికి వచ్చాడు.

"ఇంక ఇంటికేనా?"

"ఇంకా రెండు ఊర్లు."

"దినామూ ఇంతేనా?"

"దినామూ ఇంతే."

"ఇన్నేండ్లూ చెప్పలేదేమిరా?"

"చెప్తే దూరం తగ్గుతుందా అమ్మా?"

ఆమె పసివాళ్లకు ఒక వేలు, ముసలివాళ్లకు ఒకటి, రోగులకు ఒకటి మడిచింది. నాలుగో వేలిని చాలాసేపు చూసింది.

"బాటసారి," అని దాన్నీ మడిచింది. "పెద్దలు చెప్పే ఉంటారు. చెప్పకుంటే మరిచిపోయింటారు. నీళ్లు చేదుకో."

వాదిరాజ చేదుకొని చెంబు ముందు ఆమెకే పట్టాడు.

"నాకెందుకు? నాకేమన్నా ఉద్యోగముందా?" అంది ఎండిన పెదవులతో.

అతను రెండు చెంబులు తాగాడు. ఎమ్మిగనూరుకు పోతున్న ఆ పల్లె హనుమన్న బండిలో ఆమెను ఎక్కించాడు. బండి మలుపు తిరిగేదాకా పద్మాబాయి వెనక్కి తిరిగి, కొడుకు పోతున్న దారినే చూస్తూ కూర్చుంది. అతను మాత్రం తిరిగి చూడలేదు. రెండో ఊరికి అప్పటికే ఆలస్యమైంది.