ఉంసునాయ్ వెనక్కి తెచ్చుకున్న తివాచీ

అట్‌బాషి అనే కొండల నడిమి ఊళ్ళో మంచి కబురు తెచ్చినవాడు ముందు కబురు చెప్పడు. గుమ్మంలో నిలబడి "సుయుంచు" అంటాడు. నా బహుమానం నాకిస్తేనే నోరు విప్పుతాను అని దానర్థం. బిడ్డ పుట్టినా, తప్పిపోయిన గుర్రం దొరికినా అంతే. అలా ఇచ్చినదాన్ని మళ్ళీ వెనక్కి పుచ్చుకున్న మనిషిని ఆ ఊరు కనీవినీ ఎరగదు.

ఉంసునాయ్ ముసలమ్మ తొందర చూడండి, ఇంకా జరగని దానికే సుయుంచు తయారుచేసి పెట్టెలో దాచింది. ఆమె మనవరాలు జీబెక్ దేశపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతుంది. ఏదైనా పెద్ద దేశపు జట్టు మీద మనవాళ్ళు ఒక్క గోలు కొట్టారన్న కబురు ముందుగా ఎవరు తెస్తే వాళ్ళకి తన చేత్తో కుట్టిన ఎర్ర ఉన్ని తివాచీ ఇస్తానని సంతలో అందరి ముందూ అనేసింది. దాన్ని కుట్టడానికి రెండు చలికాలాలు పట్టింది, వేళ్ళకి పడ్డ సూదిపోట్లు లెక్కలేదు.

ఆటలో ఆమె పాండిత్యం అంతంత మాత్రమే. గీత పక్కన జెండా ఊపేవాణ్ణి చూసి, మైదానంలో గొర్రెలే లేవు కదా, వీడు ఎవర్ని అదిలిస్తున్నాడని అడిగేది. అయినా జీబెక్ ఓడి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల బూట్లలో పాత కాగితాలు కుక్కి పొయ్యి పక్కన ఆరబెట్టేది. పాలు మానిన నాటినుంచీ పెంచింది ఆమే. అందుకే జీబెక్ నానమ్మని అపా, అంటే అమ్మా అనీ, కన్నతల్లిని అక్కా అనీ పిలుస్తుంది.

ఆ ఓటములు మామూలు ఓటములు కావు. ఒకసారి తొమ్మిది గోల్స్, ఒకసారి పదకొండు, ఒకసారి పదిహేను. అవతలివాళ్ళు ఏడాది పొడుగునా వారం వారం ఆడతారు, ఆటే వాళ్ళ ఉద్యోగం. మన జట్టు పోటీకి పదిరోజుల ముందు పుడుతుంది, పోటీ అయిన మర్నాడు చస్తుంది. అందులో ఇద్దరు కుస్తీ నేర్చినవాళ్ళు, ఒకతె బట్టలు కుట్టేది, ఒకతె చంటిబిడ్డని తల్లికి అప్పజెప్పి వచ్చేది. ఆర్నెల్లు మైదానం మంచు కింద ఉంటుంది, మిగతా ఆర్నెల్లు మగపిల్లల కింద ఉంటుంది.

"వాళ్ళకి కాళ్ళు పిసకడానికే ఓ మనిషి ఉందట అపా," అంది జీబెక్ ఒకసారి.

"మనకి పదకొండు జతల కాళ్ళు పోగయ్యేదే గగనం. పిసికేదేంటి ఇంక," అంది ముసలమ్మ పిండి కలుపుతూ.

జట్టు పెద్దమనుషులకి మాత్రం దిగులు లేదు. పదకొండు తర్వాత తొమ్మిదితో ఓడితే బాగుపడ్డామని చెప్పుకునేవారు. అందరూ మన గోలు ముందే కాపలా కాయండని శిక్షకుడి ఆజ్ఞ. ముందుండి ఆడాల్సిన జీబెక్ అవతలి గోలుని దూరపు కొండని చూసినట్టు చూసి వచ్చేది.

ఆ శరదృతువులో ఒక సాయంత్రం పక్క వీధిలో ఉండే, టాక్సీ నడిపే కెంజెబెక్ గుమ్మంలోకి వచ్చాడు.

"సుయుంచు, ఎజే," అన్నాడు.

పెద్దవాళ్ళని పిలిచినట్టే అక్కా అని మర్యాదగా పిలిచాడు. ముసలమ్మ ఏమిటి, ఎలా అని అడగలేదు. పెట్టె తెరిచి తివాచీ అతని భుజాన వేసింది. అప్పుడు చెప్పాడు, జీబెక్కే కొట్టిందనీ, ఆట పన్నెండు ఒకటితో ముగిసిందనీ. ఆ పన్నెండు ఆమె చెవిన పడలేదు. ఆ సాయంత్రం మూకుడు నిండా నూనె పోసి, పిండి ముద్దలు వేయించి, వీధి వీధంతా పంచింది. గోలు తనే కొట్టినంత గర్వంగా నడిచింది.

రెండు రోజులకి జీబెక్ వచ్చింది. ఖాళీ పెట్టె చూసింది.

"ఎవరికిచ్చావు?"

విన్నాక సంచీ మీద కూలబడి చెప్పింది. ఆట ముగియబోతుండగా బంతి ఎలాగో తన కాళ్ళ దగ్గరికొచ్చింది. ఎదురుగా వాళ్ళ గోల్‌కీపర్ ఒక్కతే. ఆటంతా పనిలేక నిలబడ్డ మనిషి. ఆమె జీబెక్‌ని చూసి నవ్వి, పక్కకి జరిగి దారిచ్చింది.

"తర్వాత వచ్చి నా బుగ్గ తట్టింది అపా, చంటిపిల్లని తట్టినట్టు. వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పన్నెండు పడ్డప్పుడు నేను ఏడవలేదు. ఇది కొట్టాక ఏడ్చాను."

ముసలమ్మ ఆ పిల్ల బూట్లు అందుకుని కాగితాలు కుక్కడం మొదలెట్టింది.

"వెళ్ళి అది తెచ్చెయ్," అంది జీబెక్.

"ఇచ్చిన సుయుంచు తెచ్చుకుంటే ఊళ్ళో తలెత్తుకోగలనా?"

"నేను గోలు కొట్టలేదు. కొట్టానని ఆ తివాచీ చెబుతుంటే ఈ వీధిలో నేను తలెత్తుకోగలనా?"

ఒకసారి చూసొస్తానని ఉంసునాయ్ బయల్దేరింది. కెంజెబెక్ దాన్ని గొప్ప అతిథులు కూర్చునేచోట పరిచాడు. ఆమెను దానిమీదే కూర్చోబెట్టి, టీ పోసి, రొట్టె విరిచి ముందు పెట్టాడు. ఆమె రొట్టె పక్కకి పెట్టి మెల్లగా జరిగింది చెప్పింది. కెంజెబెక్ మెడ రుద్దుకున్నాడు.

"తెలుసు ఎజే. ఫోన్లో చూశాను. ఆమె పక్కకి జరగడం నాకూ కనిపించింది."

"మరెందుకొచ్చావురా?"

"నీ వయసుకి ఇంకో గోలు ఎప్పుడొస్తుంది చెప్పు. పోనీలే, సంతోషపడతావని."

అతను తివాచీ మీద ఆశతో వచ్చాడంటే ఆమె క్షమించేది. జాలిపడి వచ్చాడు. తన బుగ్గ కూడా ఎవరో తట్టినట్టయింది.

"కాలు తియ్యి, అంచు మీద ఉంది," అంది ఉంసునాయ్.

తివాచీ చుట్టి భుజాన వేసుకుని పట్టపగలు నడివీధిలో నడిచొచ్చింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు నిండి పొర్లుతున్నా చూస్తూ నిలబడిపోయారు. మొన్న మూకుడు నిండా వేయించి పెట్టిన చెయ్యి అదే అయినా, ఒక్కరూ పలకరించలేదు. ఇంటికొచ్చి దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసింది.

"ఈసారి ఆవిడ పక్కకి జరిగితే బంతి బయటికి తన్ను," అంది.

"అలాగే అపా," అంది జీబెక్.

ఈసారి అనేది రాలేదు. ఆ గోలు ఫొటోని జట్టు ఆఫీసు గోడకి తగిలించారు. సాధించాల్సింది సాధించేశామనుకున్నారో ఏమో, మరుసటేడు ఆడపిల్లల జట్టునే కట్టలేదు. జీబెక్ రాజధాని బిష్కెక్‌లో కుట్టుపనికి వెళ్ళిపోయింది. బూట్లు మాత్రం కాగితాలు కుక్కినవి కుక్కినట్టే పొయ్యి పక్కన ఉన్నాయి.

ఏటా వసంతంలో ఉంసునాయ్ తివాచీని దడిమీద ఆరేసి కర్రతో దులుపుతుంది. పురుగు కొట్టిన చోట మళ్ళీ కుడుతుంది. ఆ పక్కగా వెళ్ళాల్సివస్తే కెంజెబెక్ టాక్సీ వేగం పెంచుతాడు. వీధికి కొత్తగా వచ్చిన కోడలెవరో, ఇంత మంచిది ఎవరి పెళ్ళికని అడిగింది.

"సుయుంచుది," అంది ముసలమ్మ. "ఇంకా ఎవరూ రాలేదు."