ఎడమవైపు తిరిగిన ఆడవాళ్ళు

మాస్టారి చివరి వ్యాసమంతా ఒక్క స్లైడు మీద నిలబడింది. ఆ స్లైడును ఫ్రేములో బిగించింది నేను. ఆ స్లైడులోని బొమ్మ చెక్కిన రాతి దగ్గరికి వెళ్ళి ఒకసారి చూసి రమ్మని ఆయన పంపిన పొద్దున, బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడినప్పుడు నాకు భయం లేదు. తిరిగొచ్చేటప్పుడు పట్టుకుంది. ఇంకా వదల్లేదు.

నేను విజయవాడలో ఒక కాలేజీలో అటెండర్‌గా చేశాను. మాస్టారు కళాచరిత్ర చెప్పేవారు. ఆయన క్లాసులో తెర మీద బొమ్మలు వేయడం ముప్పై ఏళ్ళు నా పని. స్లైడంటే అగ్గిపెట్టె కన్నా చిన్న ఫిల్ము ముక్క, దాని చుట్టూ ఒక ఫ్రేము. మొదట్లో నాకు చదువు రాదు. పెట్టెల మీద పేర్లు చదవలేక, బొమ్మను కిటికీ వెలుతురుకు పెట్టి గుర్తుపట్టేవాణ్ణి. ఒకరోజు ఆయన ఎదురుగా నిలబడి పేరు చదవమనేసరికి దొరికిపోయాను. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఆయన ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం క్యారియర్ విప్పే ముందు ఒక్కో పేరు చదివించేవారు. చదివితేనే అన్నం. నాకు నలభై రెండేళ్ళు. కడుపు కాలిపోయేది, ఆయన మీద కోపమొచ్చేది. ఏడాది తిరిగేసరికి పెట్టెలన్నిటికీ పేర్లు నాచేతే రాయించారు.

మంచి మనిషని అందరూ అంటున్నారు. మొండి మనిషి కూడా. రాతిని కళ్ళారా చూడకుండా దాని గురించి మాట్లాడితే ఒప్పుకునేవారు కాదు. పిల్లల్ని ఎండలో తీసుకెళ్ళి ఒక్కో శిల్పం ముందు గంటసేపు నిలబెట్టేవారు. కాళ్ళు పీకుతున్నాయని గొణిగిన పిల్లకి తన గొడుగు ఇచ్చేవారు గానీ కూర్చోనిచ్చేవారు కాదు.

రిటైరయ్యాక షుగరు ఆయన కళ్ళు తినేసింది. వానాకాలం చెమ్మకి స్లైడ్లకి బూజు పట్టింది. నేనుండే కంకిపాడు నుంచి వారానికి మూడుసార్లు వెళ్ళి, ఫ్రేములు విప్పి, ఫిల్ము తుడిచి, కొత్తవాటిలో బిగించేవాణ్ణి. తర్వాత గోడ మీద బొమ్మ వేసి కనబడింది చెప్పేవాణ్ణి. ఆయన ఆలోచించి చెబితే నేను రాసుకునేవాణ్ణి.

ఆ స్లైడు ఎప్పుడో తీసి పక్కన పడేసింది. ఆయనకూ గుర్తు లేదు. ఒక స్తూపం, దాని చుట్టూ పూలబుట్టలతో ఆడవాళ్ళు నడుస్తున్నారు. స్తూపం వాళ్ళకి ఏ చేతివైపు ఉందని అడిగారు. ఎడమ చేతివైపని చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. గుడి చుట్టూ తిరిగితే గుడి మన కుడి చేతివైపు ఉంటుంది. ఎడమగా తిరిగేది చావు దగ్గర.

“ఫిల్ము తిరగేసి బిగించావేమో చూడవయ్యా” అన్నారు.

“ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్నానండీ. మీకు కనబడకపోతే నాకూ కనబడదనుకుంటున్నారా?” అన్నాను.

ఆ మాట అనాల్సింది కాదు. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. తర్వాత, అయితే రాసుకో అన్నారు.

ఆ వ్యాసం మూడు నెలలు సాగింది. ఆ ఆడవాళ్ళు మొక్కడానికి రాలేదనీ, పోయినవాళ్ళ కోసం ఏడుస్తూ తిరుగుతున్నారనీ, ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదనీ ఆయన చెప్పారు. కళ్ళు పోయాక అన్నం మానేసిన మనిషి, ఆ మూడు నెలలూ అడిగి మరీ పెట్టించుకున్నారు. అచ్చుకిచ్చే ముందు మాత్రం పాత మొండితనం బయటికొచ్చింది. నువ్వెళ్ళి రాయి చూసిరా అన్నారు.

మ్యూజియంలో ఆ రాయి మీద స్తూపం ఆడవాళ్ళ కుడి చేతివైపు ఉంది.

ఇలాంటిదే ఇంకోటుందా అని వాచ్‌మన్‌ని అడిగాను. లేదన్నాడు. రాతి మీద ఒక్క అక్షరమున్నా అది గోడ మీద తిరగబడి కనిపించేది, ఆ రోజే పట్టుకునేవాణ్ణి. బొమ్మ తిరగబడితే అలా తెలియదు. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. నిజం చెబితే ఆయన మళ్ళీ అన్నం మానేస్తారని భయం. ఇకమీదట నా చూపును నమ్మరని అంతకన్నా పెద్ద భయం.

గేటు చప్పుడుకే ఆయన వరండాలోకి వచ్చేశారు.

“ఏ వైపయ్యా?”

“ఎడమేనండీ.”

నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. “పొరబడ్డానేమోనని పొద్దుట్నుంచీ గుండె దడగా ఉందయ్యా” అన్నారు.

పన్నెండు రోజులకి పోయారు. కాటి దగ్గర ఆయన కొడుకు కుండ భుజాన పెట్టుకుని ఎడమగా తిరుగుతుంటే నేను అక్కడ నిలబడలేక కృష్ణ ఒడ్డుకి వెళ్ళిపోయాను. అందరూ దుఃఖమనుకున్నారు.

మొన్నామధ్య ఆయన శిష్యురాలు వచ్చింది. ఇప్పుడు తనూ పాఠాలు చెబుతోంది. మాస్టారి జ్ఞాపకార్థం ఒక సంచిక వేస్తున్నామనీ, మొదట ఆయన చివరి వ్యాసం ఉంటుందనీ, నన్నూ రెండు పేజీలు రాయమనీ చెప్పింది. సరేనన్నాను. రెండు రోజులు ఖాళీ కాగితం ముందు కూర్చున్నాను. చెబితే అందరిలో నేను అబద్ధాలకోరునవుతాను. చెప్పకపోతే, ఆ మ్యూజియానికి వెళ్ళిన ఏ పిల్లాడైనా మాస్టారి వ్యాసం చూసి నవ్వుతాడు. మూడో రోజు ఆమె ఇంటికెళ్ళి స్లైడు బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆమె దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి, ఫిల్ము మెరిసే వైపు ఏదో, మెరుపు లేని వైపు ఏదో తిప్పి తిప్పి చూసింది.

“ఇది అచ్చయిపోయుంటే అప్పుడూ ఊరుకునేవారా బాబాయ్?”

“తెలియదమ్మా.”

ఆమె తిట్టలేదు. టీ ఇవ్వలేదు. వ్యాసం తీసేస్తాననీ, ఆ పేజీల్లో నేనే రాయాలనీ, పొగడ్తలు వద్దనీ, జరిగింది రాయమనీ చెప్పింది.

రాశాను. ఆయన పిల్లలకు ఇంకా తెలియదు. వాళ్ళ నాన్న ఆఖరి సంతోషం నా తప్పు మీద నిలబడిందని ఈ సంచికలోనే చదువుతారు. సంచిక విడుదల సభలో నన్ను వాళ్ళ పక్కనే కూర్చోమన్నారు. వెళ్తాను. వాళ్ళు ముందే చదివి వస్తారో, నా పక్కన కూర్చున్నాక పేజీలు తిప్పుతారో తెలియదు.