విత్తనానికి వదిలిన వంకాయలు

ఈ పొద్దున తిరుపతి మార్కెట్లో ఒకామె ముదిరి పసుపెక్కిన వంకాయల్ని ఏరి పారేస్తుంటే మా వడమాలపేట బడి తోట గుర్తొచ్చింది. ఇక అక్కడ కాలు నిలవలేదు. ఎనభైల్లో నాతో చదివినవాళ్లూ, మీకు గుర్తుందా? మధ్యాహ్నం ఉప్మా తిన్న తట్టలు కడిగిన నీళ్లన్నీ మొక్కల పాదుల్లోనే పోసేవాళ్లం. మొదటి కాపు వచ్చినప్పుడు పాఠం ఎవరి చెవికెక్కింది! కళ్లన్నీ కిటికీలోంచి తోట మీదే.

"టీచర్, ఆ పెద్ద కాయలు కోసేద్దామా?" అని రోజూ అడిగేదాన్ని.

"అయి ఇత్తనానికి ఇడిసిపెట్టు పాపా. మిగతాయి కోసుకోండి," అనేవారు కమలమ్మ టీచరు.

నిగనిగలాడే కాయలు కళ్ల ముందే పండి ముడుచుకుపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

వేసవి సెలవులయ్యాక వెళితే టీచరుకు చిత్తూరు బదిలీ అయిందన్నారు. ఆమె బూడిద కలిపి దాచిన విత్తనాల సీసా మాత్రం బీరువా మీదే ఉంది. ఎవరికీ క్లాసులో కూర్చోబుద్ధి కాలేదు. తొలి వాన పడగానే మడి తవ్వి విత్తనాలు చల్లేశాం.

కొత్త సారు వచ్చి, "ఎవురు సల్లమన్నారు మిమ్మల్ని?" అని గద్దించారు.

"ఎవురూ సెప్పలేదు సార్," అన్నాను. "వాన పడింది, సల్లినాము."