పోతురాజుని ఒత్తిగిలించిన ఇద్దరు

1954లో నేను ఏలూరులో ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. విరిగిన ఎముకల కేసులు మాకు ఎక్కువగా వచ్చేవి. తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లు, రైసుమిల్లు బెల్టులో చెయ్యి ఇరుక్కున్నవాళ్లు, ఎడ్లబండి కింద పడ్డ పిల్లలు. ఆ ఏడు వేసవిలో పోతురాజుని తాడేపల్లిగూడెం నుంచి లారీలో తెచ్చారు. కలప అడితిలో దుంగలు దించుతుంటే ఒకటి దొర్లి కుడి తొడమీద పడిందట. తొడ ఎముక రెండు ముక్కలైంది.

అతనితోపాటు లారీలో వచ్చిన మనిషి పేరు సత్యవతి. గూడెంలో ఓ మిల్లులో బియ్యం చెరిగే పని. మొదటి వారమంతా వార్డు వరండాలోనే పడుకుంది. భార్య అనుకున్నాం. తర్వాత కొల్లేటికోటకి అవతల ఓ లంక ఊరి నుంచి పోతురాజు అన్న వీరాస్వామి, ఇద్దరు కులపెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పుడు తెలిసింది, ఇతనికి ఊళ్లో మంగమ్మ అనే భార్య ఉందనీ, మూడేళ్ల కిందట ఆమెని వదిలేసి గూడెం వచ్చి సత్యవతితో ఉంటున్నాడనీ. వాళ్లు సత్యవతిని వరండాలోనే నిలబెట్టి, తాళి కట్టించుకున్న మనిషి ఉండగా నీకిక్కడేం పనని అడిగారు. ఆమె మూట కట్టుకుంది. ఆ సాయంత్రం బండికి గూడెం వెళ్లిపోయింది.

అప్పట్లో తొడ విరిగితే ఆపరేషను మా బోటి ఆసుపత్రుల్లో లేదు. ముందు ట్రాక్షన్. అంటే కాలికి బరువు కట్టి, మంచం చివర కప్పీ మీంచి వేలాడదీసి, విరిగిన ముక్కలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా లాగి ఉంచడం. ఎముక కాస్త అతుక్కున్నాక ఛాతీ కింద నుంచి పాదం దాకా ప్లాస్టరు వేస్తారు. దాన్ని స్పైకా అనేవాళ్లం. ఆ ప్లాస్టర్లో ఉన్న మనిషి కూర్చోలేడు, తనంతట తాను ఒత్తిగిల్లలేడు. పైగా బాగా బరువు. నెలల తరబడి అలా ఉండాలి. మంచాలు చాలక, ఆ నెలలు ఇంటి దగ్గరే గడపమని పంపేసేవారు. పోతురాజునీ అలాగే పంపాం. రెండు దోనెలు జత చేసి పైన పలకలు పరిచి, కొల్లేటి మీద ఇంటికి తీసుకెళ్లారు. అతన్ని ఆసుపత్రికి తీసుకురావాలంటే మంచంమీదే మోసుకురావాలి కాబట్టి, నెలకో రెండుసార్లు నన్ను వెళ్లి చూసి రమ్మన్నారు డాక్టరుగారు. కైకలూరు దాకా బస్సు, కొంత నడక, ఆ తర్వాత దోనె.

మంగమ్మని మొదటిసారి అక్కడే చూశాను. సన్నటి మనిషి. మొగుడు వదిలేశాక చేపలమ్ముకుని బతుకుతోంది. ఇంటికి తెచ్చి పడుకోబెట్టినవాణ్ణి కాదనలేదు, అలాగని సంబరపడనూ లేదు. నేను చెప్పేవి మాత్రం కళ్లార్పకుండా వినేది. ఇలాంటి రోగికి అన్నిటికంటే ప్రమాదం బెడ్‌సోర్. ఒకేవైపు పడుకుని ఉంటే ఒత్తిడికి చర్మం చితికి పుండవుతుంది, అది ఎముకదాకా దిగితే మనిషి దక్కడు. అందుకని పగలూ రాత్రీ రెండు మూడు గంటలకొకసారి పక్కకి తిప్పాలి. ఈ పని ఒక్కరివల్ల కాదు. ఒకరు భుజాలు, నడుము పట్టుకుంటే ఇంకొకరు ప్లాస్టరు కాలు కింద చేతులు వేసి ఎత్తాలి, ఇద్దరూ ఒక్కసారే తిప్పాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే అతుకుతున్న ఎముక కదిలిపోతుంది.

మొదట్లో ఇల్లు జనంతో నిండి ఉండేది. వీరాస్వామి వచ్చేవాడు, అతని కొడుకులు వచ్చేవారు, దాయాదులు వచ్చేవారు. వాళ్లందరిచేతా చేయించి చూపించాను. వానలు పడి కొల్లేరు నిండింది. చేప బాగా పడే రోజులు. ఒక్కొక్కరే రావడం తగ్గించారు. నా మూడో రాకకి గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన తెలిసింది. తిప్పి చూస్తే నడుము కింద ప్లాస్టరు అంచున చర్మం నల్లబడి చితికింది.

మంగమ్మ నామీద కోప్పడ్డట్టే మాట్లాడింది. ఒక్కతీ తిప్పబోతే అతను అరిచి తిట్టాడట. బావగారింటికి రెండుసార్లు వెళ్లి అడిగిందట. వలలు వదిలి ఎలా వస్తామన్నాడట. తోడికోడలు ఆ కంపుకి వాంతొస్తోందని మొహాన్నే చెప్పిందట. నేను పుండు కడిగి కట్టు కట్టాను. రెండో మనిషి లేకపోతే ఇతను బతకడని దాచకుండా చెప్పాను.  నేను బయల్దేరుతుంటే ఆమె రేవుదాకా వచ్చింది.

“నర్సమ్మగారూ, మీది గూడెమే అన్నారు కదండీ. అక్కడ ఆ మనిషికి ఓ కబురు చెప్పగలరాండీ?”

“ఏ మనిషికి?”

“ఆవిడకేనండి. రమ్మన్నానని చెప్పండి. నేను రమ్మన్నానని చెప్పండి.”

నేను ఆమెకేసి చూశాను. ఆమె నీళ్లకేసి చూస్తూ అంది: “నాకిప్పుడు చేతులు కావాలండీ. ఎవరివైతేనేం?”

నేను సెలవుకి మా అమ్మగారింటికి వెళ్లినప్పుడు మిల్లు దగ్గర సత్యవతిని పట్టుకున్నాను. ఒళ్లంతా తవుడు పట్టి ఉంది. చెప్పిందంతా విని ఒకే ప్రశ్న వేసింది: “ఆవిడే రమ్మన్నారాండీ?” అవునన్నాను. చేట కింద పెట్టి మేస్త్రీతో మాట్లాడొచ్చింది. వెళ్తే పనిలో ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడట. అయినా ఆ వారంలోనే వెళ్లింది.

తర్వాతసారి వెళ్లేసరికి పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. మానే పుండుకి ఉండే రంగు అది. ఇద్దరూ చెరోవైపు నిలబడి “పట్టమ్మా”, “పట్టానక్కా” అని అనుకుని, ఒక్క ఊపులో అతన్ని తిప్పడం చూశాను. మా ఆసుపత్రిలో శిక్షణ పొందిన అమ్మాయిలు కూడా అంత కుదురుగా తిప్పలేరు. తెల్లవారకముందే ఒకరు చేపల బుట్టతో కైకలూరు వెళితే ఇంకొకరు ఇంటి దగ్గర. వెళ్లినవాళ్లు వచ్చేలోగా తిప్పాల్సి వస్తే పొరుగింటి ముసలమ్మని బతిమాలుకునేవారు. వాళ్లిద్దరి మధ్యా స్నేహం ఉందని నేను అనలేను. మొదట్లో అవసరమైన మాటలే మాట్లాడుకునేవారు. కానీ ఒకసారి సత్యవతికి జ్వరమొస్తే, మంగమ్మ ఆమె నుదుటిమీద తడిగుడ్డ వేస్తూ కనిపించింది.

పోతురాజు మాత్రం మొహం గోడవైపు తిప్పుకుని ఉండేవాడు. మలమూత్రాలు ఇద్దరు ఆడవాళ్లచేత ఎత్తించుకోవడం మగవాడికి నరకమే, అది నాకు తెలుసు. కానీ ఆ నరకానికి వాళ్లిద్దరే కారణమన్నట్టు తిట్టేవాడు. గంజి వేడిగా ఉందని గిన్నె విసిరాడని ఒకసారి విన్నాను. విసిరింది ఎవరిమీదో ఇద్దరూ చెప్పలేదు.

ప్లాస్టరు తీశాక అసలు కష్టం మొదలైంది. అన్ని నెలలు కదలని మోకాలు కర్రలా బిగుసుకుపోతుంది. రోజూ మంచం అంచున కూర్చోబెట్టి కొద్దికొద్దిగా వంచాలి. ఒకరు తొడ కదలకుండా పట్టాలి, ఇంకొకరు పిక్క పట్టి వంచాలి. అరుపులు రేవుదాకా వినిపించేవి. ఆ తర్వాత చంకకర్రలు, చెరోవైపు చెరొకరు. చివరికి ఊతకర్రతో తనంతట తాను వీధిలోకి నడిచాడు.

అతను వీధిలోకి నడవగానే జనం మళ్లీ ఇంటికి రావడం మొదలుపెట్టారు.

నా చివరి రాకనాడు ఆ ఇంటి అరుగుమీద వీరాస్వామి, ఆ ఇద్దరు కులపెద్దలూ కూర్చుని ఉన్నారు. అమ్మవారి జాతర దగ్గరపడుతోందట. ఒక ఇంట్లో అలాంటి మనిషి ఉండటం ఊరికి మంచిది కాదట. అంతా మెత్తగా, మర్యాదగానే మాట్లాడారు. సత్యవతి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

మంగమ్మే అడిగింది. “ఈయన్ని ఎత్తడానికి పిలిస్తే ఎవరొచ్చారు బావగారూ?”

“అప్పటి అవసరం అప్పటిదమ్మా. నీ ఇంటి పరువుకోసమే కదా చెబుతున్నాం,” అన్నాడు వీరాస్వామి.

“నా ఇంటి పరువు సంగతి మీకొద్దు. తను ఉంటే నాకేం ఇబ్బంది లేదు.”

పెద్దల్లో ఒకాయన, ఆడవాళ్లతో మాటలెందుకని పోతురాజునే అడిగాడు. నేను అతని మొహమే చూస్తున్నాను. ఊతకర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని తలొంచుకున్నాడు.

“పెద్దలు చెప్పినట్టే కానివ్వండి,” అన్నాడు.

నేను కల్పించుకుని, మోకాలు ఇంకా సరిగ్గా వంగడం లేదనీ, మరి కొన్నాళ్లు ఇద్దరు మనుషుల సాయం కావాలనీ చెప్పాను. మేమంతా లేమా అన్నాడు వీరాస్వామి.

సత్యవతి నాతోపాటే దోనె ఎక్కింది. మంగమ్మ రేవుదాకా వచ్చింది. దోనె కదలబోతుంటే మంగమ్మ వంగి ఆమె భుజంమీద చెయ్యి వేసి, తీసేసింది. సగం దారి దాటాక సత్యవతి నన్నడిగింది.

“అక్కొక్కతే వంచితే ఎముక్కి ఏమన్నా అవుతుందాండీ?”

ఏమీ కాదు, ఎముక గట్టిపడిందన్నాను. ఇంక నీ సంగతేమిటని అడిగితే, మిల్లులో అడిగి చూస్తానంది. తర్వాత నేను గూడెం వెళ్లినప్పుడు ఆ మిల్లు దగ్గర అడిగాను. ఆమె చోటులో వేరే అమ్మాయి చెరుగుతోంది. సత్యవతి ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ నాకు తెలియదు.

మరుసటేడు పోతురాజు అన్నని వెంటబెట్టుకుని చూపించుకోవడానికి వచ్చాడు. కొద్దిపాటి కుంటు తప్ప బాగా నడుస్తున్నాడు. డాక్టరుగారికి ఎంత సంతోషమో. ఆరోజు బయటినుంచి వచ్చిన ఇద్దరు డాక్టర్లకి అతన్ని అటూ ఇటూ నడిపించి చూపించారు. ఇంటి దగ్గర అన్ని నెలలు పుండు పడి చావకుండా ఎలా బతికావయ్యా, ఎవరు చూశారు నిన్ను అని వాళ్లలో ఒకాయన అడిగాడు.

“మా అన్నయ్యండి. మా కులంవాళ్లందరూ పూనుకుని చూశారండి. అమ్మవారి దయండి.”

వీరాస్వామి చేతులు కట్టుకుని వినయంగా తలూపాడు. నేను డ్రెస్సింగు ట్రే పట్టుకుని పక్కనే ఉన్నాను. “కాదండీ, ఇద్దరు ఆడవాళ్లు చూశారు,” అన్నాను. డాక్టరుగారు నావైపు చూసి, “అవునమ్మా, ఇంట్లో ఆడవాళ్లు ఎలాగూ ఉంటారు కదా,” అని నవ్వుతూ పక్క మంచం దగ్గరకి వెళ్లిపోయారు. మంగమ్మ ఎలా ఉందని పోతురాజునే అడిగాను. ఇంట్లోనే ఉందండీ అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు వార్డు సిస్టరుగా పనిచేశాను. ప్లాస్టరు వేసిన రోగిని ఇంటికి పంపేటప్పుడు, చూసేవాళ్లున్నారా అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకి అందరూ ఉన్నారనే జవాబొస్తుంది. రాత్రిపూట తిప్పాల్సి వస్తే ఈ వైపు ఎవరు పట్టుకుంటారు, ఆ వైపు ఎవరు పట్టుకుంటారు, పేర్లు చెప్పమనేదాన్ని. వచ్చిన మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. కాసేపటికి ఒక ఆడమనిషి పేరు చెప్పేవారు. రెండో పేరు చాలాసార్లు వచ్చేది కాదు.