ఇరవై రెండా, ముప్పై రెండా

ఈ ఎడారి దేశంలో, కరామాలోని మా టైలర్ షాపులో కుట్టుమిషన్‌కు నూనె వేసిన ప్రతిసారీ నాకు మా నాయన రివాల్వర్ వాసనొస్తుంది. నాయన అంటే కొందరికి బీడీ వాసన గుర్తొస్తుంది, కొందరికి చెమట వాసన. నా ఖర్మకు ఇది.

కడప దగ్గర మా ఊళ్లో, పొలం గట్టు తగాదా పెట్టుకున్న దాయాదికి భయపడి, ఆత్మరక్షణ కోసమని నాయన లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ దాయాది కామెర్లొచ్చి పోయాడు, రివాల్వర్ మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. ఎండాకాలం గడ్డిలో మాగేసిన మామిడిపండ్ల వాసన ఇల్లంతా కమ్ముకుని, పిల్లలం వసారాలో అచ్చనగండ్లు ఆడుతుంటే, నాయనా చిన్నాయనా కంచాల ముందు కూర్చుని, మీదికొచ్చే మనిషిని ఆపడానికి ఏ సైజు గుండు మేలని చేతులెండిపోయేదాకా వాదించుకునేవాళ్లు. చిన్నాయనది ఇరవై రెండు పక్షం: చేయి అదరదు, గురి తప్పదు అనేవాడు. నాయన కంచం అంచున ఒక కందిగింజ, దాని పక్కన ఒక శనగగింజ పెట్టేవాడు.

"ఇది నీ ఇరవై రెండు. పిట్ట గూడా సావదు. ఇది నా ముప్పై రెండు. మనిషి ఇంగ అడుగు ముందరికెయ్యడు."

కూరలో ఉప్పు తగ్గినా, అమ్మ పుట్టింటికి పోయొస్తానన్నా, నాయన అరిచేవాడు కాదు, కొట్టేవాడూ కాదు. రివాల్వర్ తెచ్చి కంచం పక్కన పెట్టుకుని తినేవాడు. అమ్మకు నోరు పడిపోయేది. ఆ మనిషిని నేను ఈరోజుకూ క్షమించలేదు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. మాకు అసలు పండగ అదే. నాయన స్టేషన్ దారి పట్టగానే అమ్మ పొయ్యి మీద శనగబేడలు ఉడకేసేది, బెల్లం దంచేది, నెయ్యి కారే ఓళిగలు వేడివేడిగా మా చేతుల్లో పెట్టేది. ఓట్ల లెక్కింపు అయ్యేదాకా ఇంట్లో ఆమె గొంతు వినబడేది. నాయనకు ఎదురు చెప్పేది, పగలబడి నవ్వేది. ఎవరు గెలిచారో మాకెందుకు, ఎన్నికలు అయిపోయాయంటే ఏడుపొచ్చేది.

పోయిన ఆదివారం, ఇక్కడే జెబెల్ అలీలో పనిచేసే మా తమ్ముడు ఒక కాగితం పట్టుకుని షాపుకొచ్చాడు. నాయన పోయినప్పటి నుంచి స్టేషన్‌లోనే ఉన్న ఆ రివాల్వర్ వాడి పేరుకు మారాలంటే, అభ్యంతరం లేదని అక్కగా నేను సంతకం పెట్టాలట.

"నాకీడ పని ఖలాస్ అక్కా, ఊరికి పోతాండా. ఇంట్లో రక్షణ ఉండాల గదా. వీడియోల్లో తొమ్మిది ఎమ్మెమ్ గుండు మేలంటాండారు, దానికి మనకు లైసెన్సియ్యరు. ముప్పై రెండైనా సాలు."

"ఎవురి మీదికిరా?"

వాడు కాగితం నా ముందుకు జరిపాడు.

"నీ పెండ్లాన్ని అడిగినావా?"

"ఆడోళ్లకేం తెల్చు ఇయ్యన్నీ?" అని నవ్వాడు.

"అమ్మకు తెలిసినంత మీకెవురికీ తెలీదు," అని కాగితం వాడి చేతిలోనే పెట్టేశాను. తిట్టుకుంటూ పోయాడు.

ఇప్పుడు అమ్మా లేదు, నాయనా లేడు, వసారా కొట్టేసి కాంక్రీటు గదులు లేపారు. నా చిన్ననాటి వస్తువు మిగిలిందంటే ఆ రివాల్వర్ ఒక్కటే. కానీ ఆ ఇంట్లో మా మరదలు ఇంకా నోరు తెరిచి మాట్లాడుతోంది. నేను సంతకం పెట్టను.