గడియారానికి కుట్టిన గలీబు

నా కొడుకు చనిపోయాడు. కరీంనగరం పెద్ద దవాఖానలో, మంగళవారం మధ్యాహ్నం. ధనుర్వాతం అన్నారు. డాక్టరమ్మ వచ్చి నా పక్కన నేల మీదే కూర్చుని, "మా చేతనైంది చేసినం అమ్మా, చాలా ముదిరినంక తెచ్చిన్రు" అన్నది. ఆమె మీద నాకు కోపం లేదు. కోపం వేరే చోట ఉంది. కొంత నా మీదే ఉంది. నేను చదువుకున్నదాన్ని కాదు. మా బాపు బూడిదలో దిద్దించిన నాలుగు అక్షరాలు వచ్చు. వాటితోనే రాస్తున్నాను, తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి.

దవాఖానలో వాడి అరచేతికి కట్టి ఉన్న గుడ్డ విప్పి నాకు ఇచ్చారు. నెత్తురు, బురద, కారు ఆయిలు కలిసి నల్లగా గట్టిపడింది. అది నేను నేసిన గుడ్డ. నేను కుట్టిన గలీబు. మా దిక్కు దిండుకు తొడిగేదాన్ని గలీబు అంటారు. ఇది మాత్రం దిండుది కాదు, నా కొడుకు చేతి గడియారానిది.

పదకొండో దినం అయిన మర్నాడు మిల్లు సేటు దగ్గరి నుంచి మనిషి వచ్చాడు. నా కొడుకు డ్రైవరుగా ఉన్నది ఆ సేటు కారుకే. వచ్చిన మనిషి మిల్లులో లారీ నడిపేవాడు. ఇప్పుడు కారు అతనికి అప్పగించారట. గడప బయటే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నన్ను తిట్టకు. సేటు అడగమన్నడని అడుగుతున్న."

"ఏందయ్యా?"

"నా గడియారానికి గూడ గసొంటి గలీబు ఒకటి కుట్టియ్యాలెనంట. కారు లోపల గీతలు పడ్తయని."

నా ఒళ్ళు మండింది. అయినా అతన్ని ఏమనను? తల ఎత్తడం లేదు, కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు. "రేపు చెప్తా పో" అన్నాను.

మాది పెద్దపల్లిలో సాలెవాడ, అందరం నేతగాళ్ళమే. నా కొడుకు వాళ్ళ బాపు బతికి ఉన్నప్పుడే తెలిసిపోయింది, వీడు మగ్గానికి పనికిరాడని. చేతులు మగ్గం మీద, చెవులు రోడ్డు మీద. లారీ పోతుంటే చూడకుండానే ఎవరిదో చెప్పేవాడు. అంతలో ఇక్కడ నూలు తెగేది. "నీకు పుట్టింది కొడుకా, హారనా?" అని వాళ్ళ బాపు నన్ను ఎక్కిరించేవాడు. ఆయన పోయాక మగ్గం మీద నేను కూర్చున్నాను. వీడు లారీలు కడిగి, లారీలు తోలి, చివరికి సేటు కారు దగ్గర కుదిరాడు.

ఆ కారు కోసం సేటు పైకం కట్టి ఏండ్లకేండ్లు ఎదురుచూశాడట. వచ్చిన రోజున సీట్లకు వేయడానికి నీలి గళ్ళ గుడ్డ మా మగ్గం మీదే నేయించాడు. అప్పటి నుంచి ఆ ఇంటి దుప్పట్లు, పరదాలు అన్నీ నేయడానికి నాకే వచ్చేవి.

నా కొడుకు ఆ కారును చూసుకున్నట్టు నేను వాణ్ణి చూసుకోలేదు. ఎక్కే ముందు కాళ్ళు దులుపుకునేవాడు, చేతులు కడుక్కునేవాడు. గోర్లు పెరగనిచ్చేవాడు కాదు. మొలతాడుకు కట్టిన ఇంటి తాళంచెవి విప్పి, సీటుకు గీసుకోకుండా చొక్కా జేబులో వేసుకునేవాడు. కారు తలుపు మూస్తే చప్పుడు ఉండదు. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చాడు. మా ఇంటి తలుపు తంతే గాని పడదు, వీడేమో దాన్ని రెండు వేళ్ళతో నెట్టేవాడు. రాత్రంతా కుక్కలు లోపలికి వచ్చేవి.

"బండికి నోరు లేదవ్వా. నొస్తుందని చెప్పది. మనమే ఇనాలె" అనేవాడు.

రైలు వేళకు సేటును స్టేషన్‌లో దింపాలి. అయిదు నిమిషాలు అటూ ఇటూ అయితే నా కొడుకు మాటలు పడేవాడు. అది చూడలేక నా కాళ్ళ వెండి కడియాలు ఇచ్చి వాడికి గడియారం కొన్నాను. మూడు రోజులు చొక్కా చెయ్యి మడుచుకునే తిరిగాడు. నీళ్ళు తోడాలంటే గడియారం విప్పి నా చేతికి ఇచ్చి, తోడి, మళ్ళీ పెట్టుకునేవాడు.

నాలుగో రోజు మొఖం వేలాడేసుకుని వచ్చాడు.

"అవ్వా, కారు లోపల తలుపు మీద గీత పడ్డదట. నా గడియారం రాసుకున్నదంటుండు సేటు."

"రాసుకున్నదా?"

"ఏమో. తుడిచేటప్పుడు తగిలిందేమో. ఎంటికె అంత సన్న గీత. నా వేలు పట్టుకోని దాని మీద రాపిచ్చిండు."

"అట్లయితే గడియారం ఇంట్ల పెట్టి పో."

"టైం తెల్వకుంటె తిడ్తడు. టైం సూసుకునేది ఉంటే తిడ్తడు. ఏంజెయ్యాలె?"

ఏం చేయాలో నాకే తోచింది. అదే నా పాపం. సీట్ల గుడ్డలో మిగిలిన ముక్క రెండు మడతలు వేసి, చివర్ల రెండు నాడాలు కుట్టి, గడియారం పూర్తిగా కప్పేటట్టు చేశాను. సేటు చూసి సంతోషపడ్డాడట. "మీ అవ్వ తెలివిగలది ర" అన్నాడట. ఆ మాట నేను సాలెవాడలో పది ఇండ్లకు పోయి చెప్పుకున్నాను.

చాయ్ హోటల్ కాడ అందరూ వాణ్ణి ఆట పట్టించేవాళ్ళు. "ఏం ర, గడియారానికి ఘోషా పెట్టినవా? మొగోళ్ళకు మొకం సూపియ్యదా?" అనేవాళ్ళు. "సేటు ఇంటి కోడలు, మీకేం కనవడ్తది" అని వీడు నవ్వేవాడు. సేటు చేతికి బంగారు గొలుసు గడియారం ఉండేది. అయినా నమ్మకం లేక, "నీదాంట్ల ఎంతైంది ర?" అని అడిగేవాడట. వీడు బండి పక్కకు ఆపి, నాడాలు విప్పి, చూసి, చెప్పి, మళ్ళీ పంటితో ముడి వేసుకుని అప్పుడు కదిలించేవాడు. అలా రెండేండ్లు గడిచాయి.

ఈ వానల్లో మంథని రోడ్డు మీద చక్రం బురదలో దిగబడింది. చేతులతో బురద తీస్తుంటే తుప్పు పట్టిన ఇనుప ముక్క ఏదో అరచేతిని కోసింది. నెత్తురు సీట్ల మీద పడుతుందని గడియారం మీది గలీబు విప్పి చేతికి కట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చి నవ్వుకుంటూ చెప్పాడు.

"సేటు ఏమన్నడు?" అని అడిగాను.

"లోపల ఏమన్న అంటిందా ర, అన్నడు. లేదు సేటూ, నా చెయ్యే తెగింది, అన్న. అయితే మంచిదే, అన్నడు."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తుకొస్తే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"దవాఖానకు పోయి సూది ఏయించుకోరా" అంటే "గింత దానికి సూదేందవ్వా" అన్నాడు. ఆ వారం సేటును తీసుకుని రెండుసార్లు కరీంనగరం పోయాడు. కలెక్టరు కచేరీ ముందర పొద్దంతా కారులో కాచుకున్నాడు. దవాఖాన అక్కడికి నాలుగు అడుగులు. ఎందుకు పోలేదురా అంటే, "కారు ఇడిసి పోతే ఎవడన్న గీత పెడ్తడేమోనని పోలే" అన్నాడు. వాడి మీద కూడా నాకు కోపమే. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. నాకు ఉంది.

తొమ్మిదో రోజు పొద్దున గట్క కలిపి పెడితే నోరు తెరవలేకపోయాడు. పండ్లు బిగుసుకుపోయాయి. బండికి నోరు లేదన్నవాడు తనకు నోరు లేకుండా నా దిక్కు చూశాడు.

సేటు కారు పంపించాడు. అది దాచను. లారీ డ్రైవరే నడిపాడు. ఆ రోజుదాకా నేను ఏ కారూ ఎక్కలేదు. వెనక సీట్లో ఎడమ తలుపు పక్కన కూర్చుని, కొడుకు తల నా ఒడిలో పెట్టుకున్నాను. కింద నేను నేసిన నీలి గళ్ళ గుడ్డ. ప్రతి గుంతకూ వాడి ఒళ్ళు విల్లులా వంగేది, చెయ్యి పోయి తలుపుకు కొట్టుకునేది. ఆ చేతికి గడియారం ఉంది. గలీబు లేదు కదా, అది గాయానికి ఉంది. వాడు కండ్లతో గడియారాన్ని చూశాడు, తలుపును చూశాడు, నన్ను చూశాడు. మళ్ళీ గడియారాన్ని చూశాడు. కన్నతల్లిని, నాకు అర్థం కాదా? విప్పి నా కొంగుకు ముడి వేసుకున్నాను. అప్పుడు కండ్లు మూసుకున్నాడు.

నా కొడుకు నన్ను అడిగిన ఆఖరి కోరిక అది. నీళ్ళు కాదు.

అప్పుడే నేను ఆ తలుపును చూశాను. నా మోచెయ్యి ఆనిన చోట గీతలున్నాయి. ఒకటి కాదు. పాతవి మాసిపోయినవి, వాటి మీద కొత్తవి, తెల్లగా, ఒకదాని పక్కన ఒకటి. అది నా కొడుకు కూర్చునే తలుపు కాదు. అక్కడ కూర్చునేది ఒక్క సేటే. ఎడమ చేతి గొలుసు గడియారం ఆనేది సరిగ్గా అక్కడే. నా కొడుకు గడియారం రెండేండ్ల నుంచి గుడ్డలో ఉంది.

రోజూ ఆ తలుపు తుడిచినవాడు నా కొడుకు. వాడికి తెలియదా? అడుగుదామంటే నోరు పడిపోయి ఉన్నాడు. ముందరి అద్దంలో డ్రైవరు నన్ను చూశాడు.

"చూడకు పెద్దమ్మా" అన్నాడు. "అందరికి ఎరికే."

ఇప్పుడు అదే మనిషి నా గడప ముందర నిలబడి గలీబు అడిగిపోయాడు. ఆ తెల్లవారి నీలి గళ్ళ ముక్క తీసి ఒకటి కుట్టాను. నాడాలు కొంచెం పొడుగ్గా పెట్టాను. అది ఎవరి చేతికో చెప్పి అతనితో పంపితే అతని కొలువు పోతుంది, అందుకని నేనే మిల్లుకు నడిచిపోయాను.

సేటు గల్ల పెట్టె ముందర కూర్చున్నాడు. పక్కన గుమస్తా రాసుకుంటున్నాడు. కొత్త డ్రైవరు కారు తుడుస్తున్నాడు.

"తెచ్చినవా అమ్మా? మంచిది. వానికియ్యి" అన్నాడు సేటు.

"వానికి గాదు సేటూ. నీ చెయ్యి ఇటు సాపు."

ఎప్పుడూ మీరు అనేదాన్ని. ఆ రోజు నా నోటికి మీరు రాలేదు. ఏమనుకున్నాడో, సేటు ఎడమ చెయ్యి చాపాడు. బంగారు గొలుసు మీద గలీబు వేసి రెండు నాడాలు ముడి వేశాను. మూడో ముడి కూడా వేశాను.

"ఎనక తలుపు మీది గీతలు చూసిన. ఎడమ దిక్కువి. నా కొడుకు ముందట కూసుంటడు సేటూ. రెండేండ్లు ముందట్నే కూసున్నడు."

గుమస్తా కలం ఆగింది. సేటు రెండో చెయ్యి ముడి మీదికి పోయింది, కానీ నేను అక్కడ నిలబడి ఉన్నంతసేపు విప్పలేదు.

"గీ పిలగాని చేతులు చూడు, ఎన్ని తెగి ఉన్నయో" అని డ్రైవరును చూపించాను. "నీ కారుకు ఏం కాకముందే ఈనికి సూది ఏయించు. ఇయ్యాల్నే."

వెనక్కి తిరిగి వచ్చేశాను.

తర్వాత ఆ గలీబు సేటు ఎంతసేపు ఉంచుకున్నాడో నాకు తెలియదు. వాళ్ళ ఇంటి నుంచి నేతకు నూలు రావడం ఆగిపోయింది. నిన్న డ్రైవరు మా ఇంటి ముందర కారు నెమ్మది చేసి, దండచెయ్యి చూపించి, "సూది ఏయించిండు పెద్దమ్మా" అని పోయాడు. అతని గడియారం మీద ఏ గుడ్డా లేదు. నా కొడుకుకు ఈ సంగతి చెప్పాలనిపించింది. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

వాడి గడియారం ఇప్పుడు నేను పెట్టుకుంటున్నాను. "గీ వయసుల గిదేం షోకు వదినె?" అని పక్కింటామె మూతి తిప్పింది. తిప్పుకోనీ. మగ్గం మీద కూర్చుంటే కుడి చేత్తో తాడు పిడి గుంజాలి, ఎడమ చేత్తో పోగులు దగ్గరపడేటట్టు పలక పట్టి కొట్టాలి. కొట్టినప్పుడల్లా గడియారం పలకకు రాసుకుంటుంది. మా అత్త నాటి కట్టె అది, ఎన్నో చేతులు పడి అద్దంలా నున్నగా నల్లబడింది. దాని మీద ఇప్పుడు సన్నగా తెల్లటి గీతలు కనిపిస్తున్నాయి. పక్కింటామె వంగి చూసి, వేలుతో రాసి, "మంచి కట్టె కరాబైతుంది, ఒక గలీబు కుట్టుకోరాదు?" అన్నది.

"పడనీ" అన్నాను. పలక గుంజి కొట్టాను.