ఆవిర్రావు అంబాసిడర్

మన్మథరావు అంబాసిడర్ వేడెక్కకుండా ఊరు చేరిన రోజు నర్సీపట్నం చరిత్రలో లేదు. ఎండాకాలం వేడెక్కిందంటే సరే అనుకోవచ్చు, జోరున వాన కురుస్తున్నా వేడెక్కేది. గొలుగొండ పెళ్ళికి వెళ్ళినా, కోటవురట్ల పరామర్శకు వెళ్ళినా, దారిలో ఎక్కడో ఆయన ముక్కు ఎగబీల్చి, "ఇంజను వేడెక్కీసింది బాబూ, దిగండి" అనాల్సిందే. ఊరివాళ్ళు ఆయన పేరులోంచి మన్మథుణ్ణి దింపేసి ఆవిర్రావు అని ఖాయం చేశారు. అలా పిలిచినా పలికేవాడు, మహానుభావుడు.

బండి ఆగాక అదో తతంగం. బోనెట్టును నిలబెట్టే ఊచ ఎప్పుడో పోయింది, కొత్తది వేయించడు. కాబట్టి మగవాళ్ళంతా ముందుకొచ్చి బోనెట్టు ఎత్తి పట్టుకోవాలి. నీళ్ళు తేవడానికి మాత్రం డబ్బా ఇచ్చి ఆడవాళ్ళను పంపేవాడు.

"ఇంతమంది మగోళ్ళముండగా ఆడోళ్ళని నీళ్ళకి పంపుతావేటయ్యా, సిగ్గునేదా?" అని ఎవరైనా గద్దిస్తే, "బోనెట్టు బరువండీ, ఆళ్ళు మొయ్యలేరు" అనేవాడు.

బోనెట్టు కింద తల పెట్టగానే ప్రతి మగవాడూ మెకానిక్కైపోతాడు కదా! ఒకాయన ఫ్యాన్ బెల్టు వదులైందనేవాడు. ఇంకొకాయన రేడియేటర్లో తుప్పు పట్టిందనేవాడు. జన్మలో ఇంజను మొహం చూడనివాడు హెడ్ గాస్కెట్ పోయిందని తీర్పు చెప్పేవాడు. మన్మథరావు అందరి మాటకూ "అంతే, అంతే" అని తలూపేవాడు.

తొంభై ఎనిమిది వేసవిలో లోవమ్మ ఆ బండి ఎక్కాల్సొచ్చింది. విశాఖపట్నంలో చెల్లెలి కూతురు సాయిలక్ష్మికి నిశ్చితార్థం. ఆ పిల్ల లోవమ్మ చేతుల మీదే పెరిగింది. "పెద్దమ్మా, నువ్వు రాకపోతే నాను పీటల మీద కూకోను" అని ఫోన్లో భీష్మించింది. లోవమ్మకు వెళ్ళాలనే ఉంది. కానీ షుగరొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకు ప్రయాణమంటే హడలు. గంట తిరక్కుండా ఒంటికి వెళ్ళాలి. ఆ మాట మగవాళ్ళ ముందు, అందులోనూ బావగారి ముందు ఎలా అంటుంది? అనలేకే ఇప్పటికి రెండు పెళ్ళిళ్ళు ఎగ్గొట్టి, చుట్టాల చేత గర్విష్ఠి అనిపించుకుంది.

ఆమె భర్త నారాయణమూర్తి చెరుకు రైతే కానీ, గడియారాన్ని మింగిన మనిషి. "దారిలో ఆగేది లేదు. తాంబూలాల వేళకి ముందే ఉండాల" అని హుకుం జారీ చేశాడు. మన్మథరావు బండి మీద నమ్మకం లేక, మెకానిక్ సింహాద్రిని కూడా ఎక్కించాడు. సింహాద్రి అప్పటికే ఆ బండికి రేడియేటర్, బెల్టు, వాటర్ పంపు అన్నీ మార్చి ఉన్నాడు. "ఇంక వేడెక్కిందంటే నా షెడ్డు మూసీసి జీడితోటలో కాపలాకెల్లిపోతాను!" అని ఒట్టు పెట్టాడు.

ముందు సీట్లో మన్మథరావు, సింహాద్రి, లోవమ్మ బావగారు సోములు. వెనక నారాయణమూర్తి, లోవమ్మ, ఆవిడ ఒళ్ళో పళ్ళ బుట్ట. పొద్దుట్నుంచీ ఆవిడ గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. అయినా మాకవరపాలెం దాటేసరికి గండం రానే వచ్చింది. పెదవి కొరుక్కుంది. కొంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ఏటలా కదుల్తావు? నిమ్మళంగా కూకో" అన్నాడు భర్త.

"ఏటీ నేదు" అంది. గోతిలో చక్రం పడ్డప్పుడల్లా ప్రాణం పోయి వస్తోంది. 'తలుపులమ్మ తల్లీ! ఈ బండి చెడిపోయేటట్టు సూడు తల్లీ, కొబ్బరికాయ కొడతాను' అని మొక్కుకుంది. బండి చెడిపోవాలని అందులో కూర్చుని మొక్కుకున్న మనిషి ఆవిడొక్కతే అయ్యుంటుంది.

అంతలో మన్మథరావు ముక్కు ఎగబీల్చాడు.

"ఇంజను వేడెక్కీసింది బాబూ, దిగండి."

"నీ బండి తగలెయ్యా!" అన్నాడు నారాయణమూర్తి. సింహాద్రి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"బావా, నువ్వూ పెద్దబావా బోనెట్టు పట్టుకోండి" అని, వరసకు అక్కయ్యే లోవమ్మ వైపు తిరిగాడు. "అప్పా, నువ్వీ డబ్బా తీసుకుని ఆ ఎనకాల పాకలో పైడితల్లినడిగి నీళ్ళు తే. బేగి రాకపోయినా పర్లేదు, ఇది సల్లారడానికి టైము పడతాది."

రోడ్డు పక్క జీడితోటలో పాక, పాక వెనక తాటాకు తడిక. ఆ పాకావిడ పైడితల్లి ఏమీ అడక్కుండానే తడిక వైపు చెయ్యి చూపించింది. ఆ తర్వాత లోవమ్మ పొందిన సుఖం ముందు స్వర్గం ఏపాటి! ఆవిడ మనసారా తలుపులమ్మను తలుచుకుంది, కొబ్బరికాయలు రెండు చేసింది.

డబ్బా నింపుకొని వస్తుంటే కారు డిక్కీ దగ్గర మాటలు వినిపించి, చెట్టు చాటున ఆగింది.

"అన్నా, సెయ్యేసి సూసినాను" అంటున్నాడు సింహాద్రి. "వేడి నేదు, ఆవిరీ నేదు. మా ఆవిడిచ్చే కాఫీ దీనికంటే వేడిగుంటాది. నిజం సెప్పు, ఏటి కథ?"

"మెల్లగా అనరా. అప్పకి షుగరు. అద్దంలోంచి ఆ మొహం సూళ్ళేకపోనాను. బండాపమంటే ఆడమనిసికి సిగ్గు. బండే ఆగిపోతే ఎవురికి సిగ్గు?"

"మరి బోనెట్టు ఊచో?"

"నానే పీకీసినాను. మగోళ్ళ తలకాయలన్నీ ఓసోట ఉండాలి గదరా. ఆ తడికా నానే కట్టినాను."

"నా షెడ్డు పరువేటయిపోవాల?"

"నా పేరే ఆవిరైపోయింది. నీ షెడ్డుదేటి, ఊరుకో."

లోవమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వే గెలిచింది.

సింహాద్రి బోనెట్టు దగ్గరకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "థర్మోస్టాటండీ. పుట్టుకతో వచ్చిన జబ్బు. దీనికి మందు నేదు." చేతులు లాగేస్తున్న అన్నదమ్ములిద్దరూ అవునవునన్నారు.

తాంబూలాల వేళకు ముందే చేరారు. పెద్దమ్మను చూసి సాయిలక్ష్మి పీట మీద కూర్చుంది. నారాయణమూర్తి మాత్రం భోజనాల్లో కనిపించిన ప్రతివాడికీ ఆ బండి కథ చెప్పి, మజ్జిగ మీద మజ్జిగ తాగాడు. బయల్దేరేటప్పుడు, "మన్మథరావూ, ఇంకోపాలి ఆగిందంటే నీ బండి గుమ్మం తొక్కను. ఊళ్ళో ఎవుర్నీ తొక్కనివ్వను" అని అన్నగారి ఎదుటే శపథం చేశాడు.

అనకాపల్లి దాటేసరికి ఆ మజ్జిగ పని మొదలుపెట్టింది. నారాయణమూర్తి కాలు మీద కాలేశాడు, తీశాడు. కిటికీలోంచి ప్రతి చెట్టునూ ఆశగా చూశాడు. ఆపమందామంటే శపథం అడ్డం. మన్మథరావు అద్దంలో చూశాడు, ముక్కు ఎగబీల్చబోయాడు, భయపడి మానేశాడు.

లోవమ్మ కాసేపు భర్త అవస్థ చూసింది. పొద్దుటి "నిమ్మళంగా కూకో" గుర్తొచ్చి, ఇంకాసేపు చూసింది. ఆపైన జాలేసింది.

"తమ్ముడూ, ఏదో వాసనొస్తంది. ఇంజను వేడెక్కినట్టుంది సూడు."

మాట పూర్తవకుండానే బండి ఆగింది. మన్మథరావు అద్దంలో ఆవిడ వైపు చూశాడు. ఆవిడ పళ్ళ బుట్ట సర్దుకుంటోంది.

"నీళ్ళు నాను తెస్తాను!" అంటూ నారాయణమూర్తి డబ్బా లాక్కుని తుప్పల్లోకి పరుగుతీశాడు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకోని మనిషి. సోములు నోరు తెరిచి, బోనెట్టు ఒక్కడే పట్టుకున్నాడు.

కాసేపటికి ఖాళీ డబ్బా ఊపుకుంటూ, చల్లటి మొహంతో తిరిగొచ్చాడు.

"నీళ్ళేవండీ?" అంది లోవమ్మ.

నారాయణమూర్తి డబ్బాలోకి చూశాడు. మన్మథరావును చూశాడు. భార్యను కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"ఈపాటికి సల్లారీసుంటాది లేవే" అన్నాడు. "పోనీవయ్యా మన్మథరావూ. మంచి బండి నీది."